"పాపం ఆ పిల్ల చెప్పింది కదా": సెలబ్రిటీల ఆరోగ్య చిట్కాలు మనల్ని ఎలా నమ్మిస్తాయి?

2024 జులైలో ఒకరోజు పొద్దున్నే తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. నాలుగు రోజులుగా దగ్గు, పడిశం. "ఏరా, హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటే మన మెడికల్ షాపులో దొరుకుద్దా?" అని అడిగింది. కొవిడ్ రోజుల్లో మనవడి కోసం కొన్న నెబ్యులైజర్ వాళ్ల బీరువాలో ఉంది. అందులో పోసుకుని పీలుద్దామని ఆవిడ ఆలోచన.

"ఎవరు చెప్పారు పిన్నీ?"

"సమంత పెట్టిందంట, మన గ్రూపులో వచ్చింది. పాపం ఆ పిల్ల ఎన్ని మందులు మింగిందో, ఎంతమంది పెద్ద డాక్టర్లకి చూపించుకుందో! ఏమీ తెలీకుండానే చెబుతుందా?"

ఈ మాటలో మన విషయమంతా ఉంది. హీరోయిన్ కాబట్టి నమ్ముతున్నానని పిన్ని అనలేదు. ఆ అమ్మాయి జబ్బుతో బాధపడింది, మంచి డాక్టర్లను కలిసింది, మనకు అబద్ధం చెప్పాల్సిన పని ఆమెకు లేదు. ఇవీ ఆవిడ కారణాలు. మూడింట్లో ఏదీ తెలివితక్కువ కారణం కాదు. మూడూ నిజమే అయినా చిట్కా తప్పయ్యే వీలుంది. అదెలాగో చూద్దాం.

ఒక స్టోరీ, ఒక గొడవ, ఒక గోధుమరంగు సీసా

తనకు మయోసైటిస్ ఉందని సమంత 2022 అక్టోబరులో బయటపెట్టారు. కండరాలకు వాపు తెచ్చి, మనిషిని పీల్చి పిప్పి చేసే జబ్బు అది. ఆ తర్వాత ఆరోగ్యం గురించి ఆమె తరచుగా మాట్లాడుతూ వచ్చారు. 2024 జులై మొదట్లో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక స్టోరీ పెట్టారు. మామూలు వైరల్ జబ్బులకు మాత్రలు మింగేముందు వేరే దారి కూడా ఆలోచించమని, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి నెబ్యులైజర్‌తో పీల్చడం అలాంటి దారేనని దాని సారాంశం.

'లివర్‌డాక్' పేరుతో సోషల్ మీడియాలో రాసే కేరళ కాలేయ వైద్యుడు సిరియాక్ అబీ ఫిలిప్స్ దానిమీద విరుచుకుపడ్డారు. ఆరోగ్యం విషయంలో ఆమెకు అక్షరజ్ఞానం లేదన్నారు, జరిమానా వేయాలి లేదా జైల్లో పెట్టాలి అనేదాకా వెళ్లారు. సమంత పెద్ద జవాబు రాశారు. తనకు ఈ చికిత్స సూచించింది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో 25 ఏళ్లు పనిచేసిన ఎండీ డాక్టరని, తాను మంచి ఉద్దేశంతోనే చెప్పానని, ఫిలిప్స్ మాటలు కాస్త మర్యాదగా ఉండాల్సిందని అన్నారు. ఆమె అనారోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని తన మాటల తీరుకు ఫిలిప్స్ తర్వాత క్షమాపణ చెప్పారు. విషయం మీద మాత్రం వెనక్కి తగ్గలేదు.

ఆ విషయం ఏమిటో చూద్దాం. హైడ్రోజన్ పెరాక్సైడ్ మనకు కొత్తదేం కాదు. మెడికల్ షాపులో చిన్న గోధుమరంగు సీసాలో అమ్ముతారు. పుండు మీద పోస్తే బుసబుసా నురగ వస్తుంది. మన కణాల్లో ఉండే ఒక ఎంజైమ్ దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడంవల్ల వచ్చే నురగ అది. ఆ ద్రవం క్రిములను చంపుతుంది, నిజమే. కానీ క్రిమి ఏది, మన కణం ఏది అని దానికి తెలియదు. నెబ్యులైజర్ చేసే పని ద్రవాన్ని పొగమంచులా మార్చి ఊపిరితిత్తుల్లో గాలి మార్పిడి జరిగే సన్నని పొరల దాకా చేర్చడం. ఆ రెండూ కలిస్తే లోపల ఒరుపు, మంట, వాపు వచ్చే ప్రమాదం ఉంది. ఈ చిట్కా అమెరికాలో కొవిడ్ రోజుల్లోనే తిరిగింది. ఇలా పీల్చడం ప్రమాదమని అక్కడి ఆస్తమా అండ్ అలర్జీ ఫౌండేషన్ 2021లోనే హెచ్చరించింది.

అంటే చిట్కా సమంతతో పుట్టలేదు. ఎక్కడో పుట్టింది, ఒక డాక్టరు నోట ఆమె దగ్గరికి వచ్చింది, ఆమె ఫోన్ నుంచి వార్తల సైట్లకు, అక్కణ్నుంచి గ్రూపులకు, అక్కణ్నుంచి మా పిన్నికి. ఒక్కో మజిలీలో ఏదో ఒకటి రాలిపోయింది. పిన్నికి చేరేసరికి డిస్టిల్డ్ వాటర్ లేదు, ఎంత కలపాలో లేదు, 'ఇదొక దారి' అన్న మాటా లేదు. మిగిలింది ఒక్కటే, "సమంత చెప్పింది."

తప్పుడు సమాచారంలో రకాలు

రెండు మాటలు ముందే విడదీసుకోవాలి. తప్పని తెలిసీ జనాన్ని నమ్మించడానికి చెప్పేది ఒకటి. నిజమనుకుని, మేలు చేద్దామని పంచేది ఇంకొకటి. తెలుగులో రెండింటినీ 'తప్పుడు సమాచారం' అనే అంటున్నాం. మొదటిదానికి 'మోసం' అన్న పాత మాట సరిపోతుంది. సెలబ్రిటీల ఆరోగ్య చిట్కాలు చాలావరకు రెండో కోవలోవి. చిక్కు కూడా అక్కడే. అబద్ధం చెప్పేవాడి మొహంలో ఏదో ఒక తేడా కనిపిస్తుందని మన నమ్మకం. నమ్మి చెప్పేవాళ్ల మొహంలో ఏ తేడా ఉంటుంది?

సెలబ్రిటీ అంటే సినిమావాళ్లే కానక్కర్లేదు. క్రికెటర్లు, నాయకులు, స్వామీజీలు, లక్షల మంది చూసే యూట్యూబర్లు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. ఒక్కోసారి నిన్నటిదాకా ఎవరికీ తెలియని మనిషి కూడా వారం రోజులు సెలబ్రిటీ అవుతాడు. ఆ కథ కృష్ణపట్నం దగ్గర వస్తుంది.

ఒకే మాటలో మూడు మాటలు: సిద్ధూ ఉదాహరణ

2024 నవంబరు 21న మాజీ క్రికెటర్, కాంగ్రెస్ నాయకుడు నవజోత్ సింగ్ సిద్ధూ అమృత్‌సర్‌లో విలేకరులతో మాట్లాడారు. తన భార్య క్యాన్సర్‌ను జయించిందన్నారు. చక్కెర, పిండిపదార్థాలు మానేసి, నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, యాపిల్ సైడర్ వెనిగర్ తీసుకుంటూ, తిండికీ తిండికీ మధ్య ఎక్కువ విరామం ఇచ్చి 40 రోజుల్లో నాలుగో దశ క్యాన్సర్ నుంచి బయటపడిందన్నది జనంలోకి వెళ్లిన మాట. రెండు రోజుల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రిలో పనిచేస్తున్న, గతంలో పనిచేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు కలిసి ప్రకటన ఇచ్చారు. ఈ మాటలకు తగిన ఆధారాలు లేవని, ఇవి నమ్మి చికిత్స ఆలస్యం చేసుకోవద్దని చెప్పారు. ఆవిడకు ఆపరేషన్, కీమోథెరపీ జరిగిన సంగతి ఈ చర్చలోనే మళ్లీ గుర్తుచేశారు. మరో రెండు రోజులకు సిద్ధూ కూడా ఈ ఆహార పద్ధతి డాక్టర్ల సలహాతో పాటించినదేనని, చికిత్సకు తోడుగా చూడాలని వివరణ ఇచ్చారు. ఇంకో సంగతి, ఆవిడ స్వయంగా డాక్టర్.

ఆయన మొదట అన్న మాటను విప్పి చూస్తే లోపల మూడు మాటలు కనిపిస్తాయి.

ఒకటి: "ఆమె ఇలా తిన్నది, ఇప్పుడు బాగుంది." ఇది అనుభవం. కాదనడానికి మనమెవరం?

రెండు: "ఇలా తిన్నందువల్లే బాగుంది." ఇది కారణం చెప్పడం. ఆపరేషన్, కీమో, పసుపు అన్నీ ఒకే మనిషి ఒంట్లో, ఒకే కాలంలో జరిగినప్పుడు ఏది ఎంత పనిచేసిందో ఆ మనిషికి కూడా తెలిసే దారి లేదు. అది తేల్చాలంటే ఒకే దశలో ఉన్న వందలమందిని రెండు జట్లు చేసి పోల్చాలి.

మూడు: "మీరూ చేస్తే మీకూ తగ్గుతుంది." ఇది జోస్యం. రెండోది రుజువైతేనే దీనికి నిలబడే చోటు ఉంటుంది.

వినేటప్పుడు మనకు మూడూ ఒకటిగా వినిపిస్తాయి. మొదటి మాటలోని నిజం మిగతా రెండింటికీ అంటుకుంటుంది. డాక్టర్లు రెండో మాటను తప్పుపడితే, అభిమానులు మొదటి మాటను తప్పుపట్టారనుకుని కోప్పడతారు. "ఆమె బతికి కళ్ల ముందు ఉంటే ఆధారం లేదంటారేంటి?" ఈ వాదన ఎంత సేపు సాగినా తెగదు, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు వాక్యాల గురించి మాట్లాడుతున్నారు.

టీకాలకీ ఆటిజానికీ ముడిపెట్టిన గొడవలోనూ ఇదే నడిచింది. 1998లో లాన్సెట్ పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసంతో అది మొదలైంది. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. మధ్యలో 2007లో అమెరికన్ నటి జెన్నీ మెకార్తీ ఓప్రా విన్‌ఫ్రే షోలో తన కొడుకు గురించి చెబుతూ, నా సైన్స్ నా బిడ్డే, వాడు ఇంట్లో ఉన్నాడు అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. తల్లి అలా అన్నాక ఎదురుగా పట్టిక పట్టుకుని కూర్చున్నవాడు ఎంత నిజం చెప్పినా కఠినుడిలాగే కనిపిస్తాడు.

జలుబు లెక్క

చిట్కా పనిచేయకపోతే జనమే చెబుతారు కదా, కామెంట్లలో తేలిపోదా? తేలదు. ఎందుకో చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఊరికే అనుకున్నవి, లెక్క తీరు చూడండి.

ఒక స్టార్‌కు కోటి మంది ఫాలోవర్లు. నూటికి ఒకరు జలుబుకు ఆ చిట్కా ప్రయత్నించారనుకుందాం. లక్ష మంది. జలుబు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని మనవాళ్ల సామెత ఉండనే ఉంది. పది రోజుల్లో నూటికి 90 మందికి దానంతటదే తగ్గుతుందనుకుంటే, చిట్కాకు ఏ బలమూ లేకపోయినా 90,000 మందికి 'పనిచేసింది'. వాళ్లలో నూటికి ఒక్కరు కామెంట్ పెట్టినా 900 "థాంక్యూ మేడమ్"లు. మిగతా 10,000 మంది డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది వచ్చి కామెంట్ పెట్టరు, నేనే సరిగా చేయలేదేమో అనుకుంటారు. చిట్కావల్ల ఊపిరాడక ఎవరైనా ఆస్పత్రిలో చేరితే వాళ్ల చేతిలో ఫోన్ ఉండే అవకాశం ఇంకా తక్కువ.

తనంతట తాను తగ్గే జబ్బులన్నిటికీ, ఒకరోజు పెరిగి ఒకరోజు తగ్గే కీళ్లనొప్పులు, ఉబ్బసం, ఎలర్జీ లాంటివాటికీ చిట్కాలు ఇన్ని ఉండటానికి ఇదొక పెద్ద కారణం. విరిగిన ఎముకకు సెలబ్రిటీ చిట్కా ఎప్పుడైనా చూశారా?

"ఆయనకేం తక్కువ?" అన్న తర్కం

సెలబ్రిటీని నమ్మేవాళ్లను వెర్రివాళ్లుగా చూడటం తేలిక. పరిశోధకులు అంత తేలిగ్గా తీసుకోలేదు. ఒక మనిషిలో ఒక గొప్ప గుణం కనిపిస్తే మిగతా గుణాలూ గొప్పవేనని అనుకునే అలవాటును అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే గుర్తించి రాశారు. సైన్యాధికారులు తమ కింది సైనికులకు మార్కులు వేస్తూ, ఒడ్డూ పొడుగూ బాగున్నవాడికి తెలివిలోనూ ఎక్కువ మార్కులు వేసేయడం ఆయన చూశారు. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ ఇంకో సంగతి చెప్పారు. అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న టీవీలో రోజూ కనిపించే మనిషితో ప్రేక్షకులకు ఒక స్నేహం ఏర్పడుతుంది. స్నేహమే, కానీ ఒకవైపే నడిచే స్నేహం.

మనకు ఈ రెండోది ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. చిరంజీవి 'అన్నయ్య', బాలకృష్ణ 'బాలయ్య'. పెళ్లయినా, విడాకులైనా, జబ్బు చేసినా మనింట్లో జరిగినట్టే మాట్లాడుకుంటాం. మా పిన్ని సమంతను 'ఆ పిల్ల' అంది చూశారా, ఆ మాట పక్కింటి అమ్మాయికి వాడేది. ఇన్‌స్టాగ్రామ్ దీన్ని ఇంకా దగ్గర చేసింది. మేకప్ లేకుండా, మంచం మీద కూర్చుని, ముక్కుకు మాస్కుతో దిగిన ఫొటో సినిమా పోస్టర్ కన్నా ఎక్కువగా నమ్మిస్తుంది.

వీటికి తోడు ఒక మామూలు తర్కం కూడా ఉంది. "ఆయనకేం తక్కువ, అమెరికా వెళ్లి చూపించుకోగలడు. అంత డబ్బున్నవాడు ఇదే వాడాడంటే ఇందులో ఏదో ఉంది." బంగారం కొనేటప్పుడు పక్కింటి సేటు ఎక్కడ కొన్నాడో అడిగినట్టే ఇదీ. చాలా విషయాల్లో ఇది పనికొచ్చే దారే. వైద్యంలో మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. డబ్బున్న రోగికి చికిత్సలు ఎక్కువ దొరుకుతాయి, మంచివీ చెడ్డవీ కూడా. చుట్టూ ఉన్నవాళ్లు కాదనడానికి వెనకాడతారు. పేదవాడి మీద ప్రయోగించడానికి ఎవరూ ఖర్చుపెట్టని విచిత్ర వైద్యాలు కూడా డబ్బున్నవాడి గుమ్మంలోకి నడిచి వస్తాయి.

చేరడం వేరు, నమ్మడం వేరు

సెలబ్రిటీల ప్రభావాన్ని అంకెల్లో చెప్పిన అధ్యయనాల్లో ఎక్కువగా ఉదహరించేది ఆక్స్‌ఫర్డ్‌లోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2020 ఏప్రిల్‌లో ఇచ్చింది. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో ఫ్యాక్ట్ చెకర్లు తప్పని తేల్చిన 225 కొవిడ్ కథనాలను వాళ్లు పరిశీలించారు. నాయకులు, సెలబ్రిటీలు, పేరున్నవాళ్లు చెప్పినవి వాటిలో 20 శాతమే. సోషల్ మీడియాలో వచ్చిన లైకులు, షేర్లు, కామెంట్లలో మాత్రం వాటి వాటా 69 శాతం.

ఈ అంకె చూపించి "సెలబ్రిటీలే జనాన్ని నమ్మిస్తున్నారు" అనేస్తుంటారు. అంకె ఆ మాట చెప్పడం లేదు. షేర్ చేసినవాళ్లలో తిట్టడానికి చేసినవాళ్లు, నవ్వుకోవడానికి చేసినవాళ్లు, "ఇది నిజమేనా?" అని అడగడానికి చేసినవాళ్లు అందరూ ఉన్నారు. ఆ అధ్యయనం కొలిచింది మాట ఎంత దూరం వెళ్లిందో. ఎంతమంది మనసులో దిగిందో కొలవడం దాని పని కాదు.

అయితే దూరం వెళ్లడమే ఒక నష్టం. 2021 సెప్టెంబరులో గాయని నిక్కీ మినాజ్ ట్విట్టర్‌లో ఒక సంగతి రాశారు. ట్రినిడాడ్‌లో తన బంధువు స్నేహితుడికి కొవిడ్ టీకా వేయించుకున్నాక వృషణాలు వాచాయని, పెళ్లి కూడా ఆగిపోయిందని. అప్పటికి ఆమెకు 2 కోట్లకు పైగా ఫాలోవర్లు. ఎంతమంది నమ్మారో తెలియదు, నవ్వినవాళ్లయితే చాలామంది. కానీ ఆ దేశ ఆరోగ్యమంత్రి టెరెన్స్ డియాల్‌సింగ్ విలేకరుల సమావేశంలో కూర్చుని, అలాంటి కేసు ఏదైనా ఉందేమోనని వెతకడానికి తమకు చాలా సమయం వృథా అయిందని, అలాంటిదేదీ లేదని చెప్పాల్సి వచ్చింది. మహమ్మారి మధ్యలో ఒక చిన్న దేశపు ఆరోగ్యశాఖ ఇలా ఒక ట్వీట్ వెనక పరుగెత్తింది.

ఖండనకూ ఇదే ఇంధనం. సమంత విషయంలో ఫిలిప్స్ మెత్తగా, నాలుగు వాక్యాల్లో రాసి ఉంటే అది ఎంతమందికి చేరేది? 'జైల్లో పెట్టాలి' అన్నందుకే ప్రతి చానల్లో వచ్చింది. వచ్చాక చర్చ ఊపిరితిత్తుల మీద నిలవలేదు. ఒక ఆడమనిషిని, అందులోనూ జబ్బుతో ఉన్న మనిషిని అలా అనొచ్చా అన్నదాని మీదికి పోయింది. ఆ ప్రశ్న కూడా న్యాయమైనదే, అందుకే అసలు ప్రశ్నను మింగేసింది. గట్టిగా అనకపోతే చిట్కా ఆగదనేవాళ్లు ఉన్నారు. గట్టిగా అంటే అభిమానులు చెవులు మూసుకుంటారనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండోవైపే మొగ్గు, కానీ మొదటివాళ్లు చూపించే ఉదాహరణలు తీసిపారేసేవి కావు.

కృష్ణపట్నం క్యూ: సెలబ్రిటీ లేకుండా మొదలైన నమ్మకం

అన్నీ స్టార్ల మీదికి తోసేసే ముందు 2021 మే నెల గుర్తుచేసుకోవాలి. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు కొవిడ్‌కు మందు ఇస్తున్నారన్న వార్త గుప్పుమంది. మే 21న అంబులెన్సుల్లో, ఆక్సిజన్ సిలిండర్లతో సహా జనం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరారు. ప్రభుత్వం పంపిణీ ఆపింది. ఆయుష్ పరిశీలనల తర్వాత మే 31న కంట్లో వేసే చుక్కలను పక్కనపెట్టి అనుమతి ఇచ్చింది. కొవిడ్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని, డాక్టర్లు రాసిన మందులు మానొద్దని కూడా చెప్పింది.

ఆ గుంపును తెచ్చింది ఏ హీరో మాటా కాదు. పడిపోయిన ఆక్సిజన్ కంట్లో చుక్కలు వేయగానే పెరిగిందని ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ చెబుతున్న వీడియో. ఆయన్ను ఎవరూ సెలబ్రిటీ అనరు, కానీ ఆ వారం తెలుగునేల మీద ఆయన్ను చూడని ఫోన్ లేదు. కొద్దిరోజులకే ఆయన ఆస్పత్రిలో చనిపోయారు. సినిమావాళ్లు, నాయకులు తర్వాత వచ్చారు. ఆ వైద్యం ప్రామాణికమని తేలాలని కోరుకుంటూ నటుడు జగపతిబాబు ట్వీట్ చేశారు, పార్టీలకు అతీతంగా నాయకులు ఆనందయ్యకు అండగా మాట్లాడారు. వాళ్లు మంట పెట్టలేదు, మండుతున్నదానికి గాలి ఊదారు.

మరి మంట పెట్టిందేమిటి? సెకండ్ వేవ్. బెడ్ కోసం పది ఆస్పత్రులకు ఫోన్లు, ఇంజెక్షన్ కోసం బ్లాకులో వేలు. ఆ టెన్షన్‌లో ఒక మనిషి డబ్బు తీసుకోకుండా, చేయి పట్టుకుని మందు ఇస్తున్నాడు. అక్కడికి వెళ్లినవాళ్లను అశాస్త్రీయులనడం సరిపోదు. ఆస్పత్రి తలుపు మూసుకుపోయినప్పుడు తెరిచిన తలుపు దగ్గరికి వెళ్లారు. అందుకే ప్రజారోగ్యంలో పనిచేసేవాళ్లలో కొందరు సెలబ్రిటీలను రోగలక్షణంగానే చూస్తారు, అసలు జబ్బు వేరే చోట ఉందంటారు. ఖర్చు, డాక్టరు ఇచ్చే రెండు నిమిషాలు, అర్థంకాని చీటీ, అక్కడ ఉందట.

నాయకుడి హాజరు కూడా ఒక రకం సెలబ్రిటీ ముద్రే. హైదరాబాద్‌లో ఏటా మృగశిర కార్తెకు బత్తిని కుటుంబం కొర్రమీను పిల్లతో ఉబ్బసానికి ఇచ్చేదాన్ని ఒకప్పుడు 'చేప మందు' అనేవారు. కోర్టుల్లో వివాదాల తర్వాత అది 'చేప ప్రసాదం' అయింది. మందంటే పరీక్షలు కావాలి, ప్రసాదానికి నమ్మకం చాలు. పేరు మారినా మంత్రులు వచ్చి ప్రారంభించడం, ప్రభుత్వ శాఖలు ఏర్పాట్లు చేయడం మారలేదు. క్యూలో నిలబడ్డ మనిషికి ఆ షామియానా చెప్పేది ఒకటే: ప్రభుత్వమే ఉంది, ఇంకేం భయం?

అదే గొంతు మేలు చేసినప్పుడు

2013 మే 14న నటి ఏంజెలినా జోలీ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. తనకు బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉందని, క్యాన్సర్ రాకముందే రొమ్ములు తీయించుకున్నానని. శాస్త్రపరంగా అందులో తప్పు లేదు. తర్వాతి 15 పనిదినాల్లో అమెరికాలో ఆ జన్యు పరీక్షలు 64 శాతం పెరిగాయని 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. రొమ్ము తొలగించే ఆపరేషన్లు మాత్రం పెరగలేదు. అంటే పరీక్షకు కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది అసలు ముప్పు ఉన్నవాళ్లు కాకపోవచ్చు. సరైన మాట కూడా చేరాల్సిన వాళ్లకంటే ముందు ఆసక్తి ఉన్నవాళ్లకు చేరుతుంది.

మన దగ్గర దీనికి తలకిందుల ఉదాహరణ ఒకటుంది. 2023 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ కేంద్రం ప్రారంభానికి వెళ్లిన చిరంజీవి తనకు కొలనోస్కోపీలో (పెద్దపేగు పరీక్షలో) పాలిప్స్, అంటే చిన్న కండ పెరుగుదలలు, కనిపించాయని, అవి క్యాన్సర్ కానివని, తీయించుకున్నానని చెప్పారు. ముందే పరీక్షలు చేయించుకోండి అన్నది ఆయన ఉద్దేశం. గంటల్లో "చిరంజీవికి క్యాన్సర్" అని వార్తలు. నాకు క్యాన్సర్ రాలేదు, అర్థం చేసుకోకుండా రాయొద్దు అని ఆయనే ట్వీట్ చేయాల్సి వచ్చింది. ఈసారి సెలబ్రిటీ చెప్పింది నిజం, దాన్ని తప్పు చేసింది మధ్యలో ఉన్నవాళ్లు. పెద్ద పేరు, భయపెట్టే జబ్బు ఒకే వాక్యంలో కనిపించాక మిగతా పదాలు చదివే ఓపిక ఎవరికుంది?

చట్టం గీత ఎక్కడ గీసింది

డబ్బు తీసుకుని చేసే ప్రకటనకు చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినవారికి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఏడాది, ఆ తర్వాత మూడేళ్ల వరకు ప్రకటనలు చేయకుండా ఆపొచ్చు. చెప్పేముందు తగినంత విచారించామని చూపిస్తే జరిమానా తప్పుతుంది. పతంజలి ప్రకటనల కేసులో 2024 మే 7న సుప్రీంకోర్టు కూడా సెలబ్రిటీలు, ఇన్‌ఫ్లుయెన్సర్లు సమాన బాధ్యులేనని చెప్పింది. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించింది అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ.

డబ్బు తీసుకోకుండా చెప్పే చిట్కా ఈ గీతకు అవతల పడుతుంది. సమంత స్టోరీ ఏ కంపెనీ ప్రకటనా కాదు, సిద్ధూ వేపాకులు అమ్మలేదు. 2023 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఆరోగ్య నిపుణుల్లా మాట్లాడే సెలబ్రిటీలు ఇది వైద్య సలహాకు బదులు కాదని స్పష్టంగా చెప్పాలన్నాయి. నీళ్లు తాగండి, వ్యాయామం చేయండి లాంటి మామూలు మాటలకు మినహాయింపు ఉంది. స్టోరీ కింద సన్నక్షరాల్లో ఉన్న ఆ వాక్యం గ్రూపు దాకా వచ్చేసరికి ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

సిద్ధూ మాటల మీద ఢిల్లీ హైకోర్టుకు ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) వెళ్లినప్పుడు కోర్టు జోక్యం చేసుకోలేదు. ఆయన తన అభిప్రాయం చెబుతున్నారు, మాటను మాటతోనే ఎదుర్కోండి అన్నది కోర్టు ధోరణి. దీనివైపు బలమైన వాదన ఉంది. జబ్బుపడ్డ మనిషి తన అనుభవం చెప్పుకోవడం నేరమైతే, సమంత తన మయోసైటిస్ గురించి కూడా నోరు విప్పలేరు. ఆమె మాట్లాడాక ఆ జబ్బు పేరు మొదటిసారి విన్న తెలుగువాళ్లు ఎంతమందో. అటువైపు వాదన కూడా తక్కువేం కాదు: అనుభవం చెప్పడం వేరు, కోట్లమందికి మోతాదు చెప్పడం వేరు. పైన విడదీసిన మూడు మాటల్లో మొదటిదానికి పూర్తి స్వేచ్ఛ, మూడోదానికి బాధ్యత అంటే చాలామంది ఒప్పుకుంటారు. తగాదా అంతా రెండోదాని దగ్గరే.

ఇంతకీ మా పిన్ని సంగతి. నేను ఫోన్లో చెప్పింది ఆవిడ విన్నదో లేదో తెలియదు, సాయంత్రం మెడికల్ షాపుకు వెళ్లనే వెళ్లింది. ముప్పై ఏళ్లుగా వాళ్ల ఇంటి బీపీ బిళ్లలు ఇచ్చే షాపు. ఆయన గోధుమరంగు సీసా తీసి కౌంటర్ మీద పెట్టి, "ఇది పుండు కడిగేదమ్మా, ఎవరికి దెబ్బ తగిలింది?" అని అడిగాడట. పీల్చడానికని చెప్పేసరికి సీసా మళ్లీ అరలో పెట్టేశాడు.

రాత్రి మళ్లీ ఫోన్. ఆవిరి పట్టుకున్నానని, కాస్త తేలిగ్గా ఉందని చెప్పింది. పెట్టేసే ముందు ఒక్క క్షణం ఆగి అంది: "ఆ షాపతను చెప్పింది ఎవరన్నా సమంతకి చెబితే బాగుండురా. పాపం, ఆ పిల్ల కూడా అదే పీలుస్తుందేమో."